గచ్చు నడుమ సందు

ఖరగ్‌పూర్‌లోని మన తెలుగు కుటుంబాలలో అనేకం తరాలుగా రైలుతో ముడివడి జీవిస్తున్నాయి. కనుక ఇంటి గచ్చు మరమ్మతును గురించిన ఈ మాసపు ముచ్చటను రైలు పట్టాలతోనే ప్రారంభించడం సులభమని తలచాము.

రెండు పట్టాలు ఫిష్ ప్లేటుతో కలిసే చోట కొద్దిపాటి ఖాళీ ఉంచుతారని మన ఇళ్ళలోని పిల్లలకు సైతం తెలుసు. శీతాకాలపు వేకువకూ, వేసవి మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల వ్యత్యాసం వస్తే 13 మీటర్ల పట్టా సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పట్టాలను పొడవుగా అతికించి వేస్తున్న ఈ కాలంలో కూడా ఆ పొడవు చివరల స్విచ్ ఎక్స్‌పాన్షన్ జాయింట్లు అమర్చుతున్నారు. ఇంత ఎరిగిన మనమే, వాకిట కాంక్రీటు గచ్చులో సందు కనబడగానే అది లోపమని భావించి, మేస్త్రీని పిలిచి సిమెంటుతో పూడ్పించడం విచిత్రం.

కాంక్రీటు కూడా దాదాపు ఇనుమంతగానే వ్యాకోచిస్తుంది. (అందువల్లనే కాంక్రీటులో ఇనుప చువ్వలు చక్కగా ఇమిడిపోతున్నాయి.) మన స్టేషను ప్లాట్‌ఫారం వలె 1,072 మీటర్ల పొడవు అక్కరలేదు, పది మీటర్ల పెరడు చాలు, అదే 40 డిగ్రీల వ్యత్యాసానికి సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సందును సిమెంటుతో బిగిస్తే ఆ పెరుగుదలకు చోటుండదు. గచ్చు గోడనో, మెట్టునో నెడుతుంది. లేదా అంచులు పెచ్చులుగా ఊడిపోతాయి.

అట్లని సందును ఖాళీగా విడువనూ రాదు. శీతాకాలంలో అది వెడల్పయినప్పుడు ఇసుకా, గులకరాళ్ళూ చేరి, వేసవిలో సిమెంటు వలెనే అడ్డుపడతాయి. పోత సమయంలో పెట్టిన చెక్క పట్టీని తీయకుండా వదిలివేస్తే అది కుళ్ళి చెదలకు ఆహారమవుతుంది. వర్షాకాలంలో ఆ సందుగుండా దిగిన నీరు అడుగున నింపిన మొరాన్ని కదిలించగా ఒక పలక క్రుంగుతుంది. వేలెడు ఎత్తు తేడా చాలు, చీకటివేళ పెరటిలోకి వెళ్ళే వృద్ధులు కాలు తగిలి పడిపోవడానికి. ఆ వయస్సులో తుంటి ఎముక విరిగితే మంచం దిగడమే కష్టం.

మరమ్మతుకు దుర్గాపూజ వెళ్ళి, వానలు నిలిచిన తరువాతి రోజులు అనువైనవి. అప్పుడు సందు మరీ వెడల్పుగానో, మరీ ఇరుకుగానో ఉండదు. పాత పూడికను స్క్రూడ్రైవరుతో పెకలించి, రెండు అంచులనూ ఇనుప బ్రష్షుతో రుద్ది, దుమ్ము లేకుండా చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద ఏ మందూ అంటదు. పిమ్మట సందుకంటే కొంచెం లావుగా ఉండే ఫోము తాడును లోనికి నొక్కి, దానిపై పాలీసల్ఫైడ్ లేదా పాలీయురిథేన్ సీలెంటు నింపాలి. 20 మిల్లీమీటర్ల సందుకు 10 మిల్లీమీటర్ల లోతు సరిపోతుంది.

తాడు అనవసరపు ఖర్చని కొందరు మేస్త్రీలు అంటారు. వారి మాట వినవద్దని మా మనవి. సీలెంటు రెండు ప్రక్కలకే అంటుకోవాలి. అడుగును కూడా పట్టుకొన్నదంటే స్వేచ్ఛగా సాగలేక చిరిగిపోతుంది. ఆ అడుగును విడదీసేది తాడే. చౌక అని మరిగే తారు పోయించేవారూ ఉన్నారు. అది వేసవిలో మెత్తబడి చెప్పులకు అంటుకొని ఇల్లంతా తిరుగుతుంది. పోసేటప్పుడు ఒళ్ళు కాలే ప్రమాదం సరేసరి.

పలక ఇదివరకే క్రుంగి ఉంటే సీలెంటుతో ప్రయోజనం లేదు. దానిని తీసి, అడుగు గట్టిపరచి, తిరిగి పోత పోయవలసిందే. ఈ పనులన్నీ స్వంత ఇళ్ళవారికి. క్వార్టర్లలో నివసించేవారు తామై త్రవ్వక, వర్క్స్ విభాగం వారికి వ్రాతపూర్వకంగా తెలియజేసి, ఆ పత్రం నకలు ఒకటి తమ వద్ద ఉంచుకోగలరు.