ఒక్క కొమ్మ కోసం పంతొమ్మిదేళ్లు

వీడియోలో మా నిమ్మ తోట చూశారు కదా, గజ్జి తెగులు. పుల్లటి మజ్జిగ కొట్టాం, జీవామృతం ఆపలేదు, తెగులు కొమ్మలు కత్తిరించి కాల్చేశాం. తగ్గినట్టే తగ్గి, వానలు పడగానే మళ్లీ వచ్చేసింది. చెట్టు బలంగానే ఉంది, మచ్చలన్నీ కాయల మీదే. మచ్చ కాయకి మార్కెట్లో ఏం ధర పలుకుతుందో మీకు వేరే చెప్పాలా?

అందుకే మనవాళ్లకి నచ్చని మాట ఒకటి అంటున్నా. రేడియేషన్‌తో వచ్చిన రకం అనగానే విషం అని పక్కన పెట్టేయకండి.

జపాన్‌లో నిజిస్సేకి అనే పియర్ ఉంది. రుచి బాగుంటుంది గానీ నల్లమచ్చ తెగులుకి ఇట్టే లొంగిపోతుంది. కాయకాయకీ కాగితం సంచి కట్టాలి, మందు మీద మందు కొట్టాలి. 1962లో ఇబరాకిలోని గామా ఫీల్డ్‌లో ఈ చెట్లు నాటారు. మధ్యలో కోబాల్ట్-60, చుట్టూ 100 మీటర్ల దూరం దాకా మొక్కలు. 1981లో ఒక చెట్టుకి ఒకే ఒక్క కొమ్మ మచ్చల్లేకుండా కనబడింది. దానికి అంట్లు కట్టి, పరీక్షించి, 1990ల మొదట్లో గోల్డ్ నిజిస్సేకి పేరుతో రైతులకిచ్చారు. తెగులు పూర్తిగా పోలేదు, ఓ మాదిరిగా తట్టుకుంటుంది. అయినా పిచికారీలు బాగా తగ్గాయి. మనం కోరుకునేది కూడా అదే కదా?

ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఒంట్లో ఎక్స్‌రే మిగలదు. ఇదీ అంతే, కాయలో కిరణాలేమీ ఉండవు. బయటి జన్యువు తెచ్చి పెట్టడమూ లేదు. చెట్టులో అప్పుడప్పుడు దానంతటదే వచ్చే మార్పునే ఇక్కడ ఎక్కువగా రప్పిస్తారు. వచ్చిన మార్పుల్లో చాలావరకు పనికిరానివే, అందుకే అన్నేళ్లు పట్టింది. నా భయం వేరే ఉంది. ఒకే అంటు ఊరంతా పెడితే, రేపు ఇంకో తెగులొచ్చి ఊరంతా పోతుంది. నాటు చెట్లు మాత్రం తీసేయొద్దు. సర్టిఫికేషన్ ఉన్నవాళ్లు ముందు మీ గ్రూపులో అడిగి నాటండి.

మన పరిశోధన కేంద్రాలు నిమ్మ మీద, దానిమ్మ మీద ఈ పని చేసి, అంటు కొమ్మలు రైతుకి అందుబాటు ధరలో ఇవ్వాలని నేనడుగుతున్నా.

ఈలోపు మా తోటలో ఒక కొమ్మకి ఎర్ర రిబ్బన్ కట్టాను. రెండు వానాకాలాలు గజ్జి రాలేదు. గాలి తగిలే చోట ఉండడం వల్లేమో కూడా! అయిదు అంట్లు కట్టి, కావాలనే తెగులు చెట్ల మధ్య నాటాను. వచ్చే వానలయ్యాక వీడియో పెడతా, మచ్చ వచ్చినా చూపిస్తా.