ముందుపరుగు

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరపు గట్టున విద్యుత్తుచే నడచు ఫార్ములా ఈ కార్ల పందెము జరిగెను. ఆ దినములలో మన జంపని బాలురకు వేరుమాట లేదు. ఫ్రెంచి చోదకుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెనని వారికి కంఠస్థము. అయితే, ఆ పందెమునకు రెండు నెలలకు ముందు స్పెయిను దేశమందలి వలెన్సియాలో అవే కార్లకు పరీక్ష జరిగిన సంగతి అడుగగా ఒక్కరును చెప్పలేకపోయిరి. ఆ సంగతినిగూర్చియే మేమిచ్చట నాలుగు మాటలు వ్రాయదలచితిమి. అందు మన బడికిని మన యిండ్లకును పనికివచ్చు పాఠము కలదు.

పందెముల ఋతువు ఆరంభము కాకమునుపు ప్రతి జట్టును తన కారును మైదానమునకు తెచ్చి కొన్ని దినములు నడిపి చూచును. ఇది పందెము కాదు. దీనికి బహుమానమును లేదు. ఏ భాగము వేడెక్కుచున్నది, ఏది విరుగుచున్నది, ఏది తాళుచున్నది అని కనుగొనుటయే దీని ప్రయోజనము. అయినను లోకము ఊరకుండదు. ఆ దినము ఎవరి చుట్టు తక్కువ కాలములో ముగిసినదో పట్టికవేసి, వాడే రాబోవు విజేతయని చాటును.

2022 డిసెంబరులో వలెన్సియాలో అందరికంటె వేగముగా పోయినవాడు మాసెరాటి జట్టువాడగు మాక్సిమిలియన్ గుంతర్. కాని 2023 జనవరిలో మెక్సికో నగరమున జరిగిన తొలి పందెమున గెలిచినవాడు జేక్ డెన్నిస్. ఆ సంవత్సరపు విజేతయు అతడే. గుంతర్‌కు ఆ యేట తొలి గెలుపు జూన్ మాసమున జకార్తాలోగాని దొరకలేదు. కారణము కష్టమైనది కాదు. పరీక్షలో ఎవరు ఎంత శక్తిని వాడిరో, ఎవరేమి దాచిరో చూచువారికి తెలియదు. మైదానపు బాట వేరు, పట్టణపు వీథి వేరు.

ఇంతకంటె పెద్ద నిదర్శనము 2014లో కలదు. ఆ యేట ఫార్ములా వన్ పందెములకు క్రొత్త యింజనుల నియమము వచ్చినది. జనవరి కడపట స్పెయినులోని హెరెస్‌లో నాలుగు దినములు పరీక్ష జరుగగా, మెర్సిడెస్ జట్టు 309 చుట్లు తిరిగెను. అంతకుముందు వరుసగా నాలుగేండ్లు విజేతయైన రెడ్‌బుల్ జట్టు 21 చుట్లు మాత్రమే తిరుగగలిగెను. దాని యంత్రములు మాటిమాటికి వేడెక్కి నిలిచిపోయెను. ఆ యేటి 19 పందెములలో మెర్సిడెస్‌కు 16 దక్కినవి. అయితే రెడ్‌బుల్‌వారు సిగ్గుపడి కూర్చుండక, బయటపడిన లోపములను సవరించుకొని తక్కిన మూడింటిని గెలిచి రెండవ స్థానమున నిలిచిరి. పరీక్షలో ఆగిపోవుట నాశనము కాదు. ఏల ఆగినదో తెలిసికొనకుండుటయే నాశనము.

మన దేశపు మహీంద్రా జట్టు కథయు వినదగినది. 2023 మెక్సికో పందెమున దాని చోదకుడు లూకాస్ డి గ్రాసీ అందరికంటె ముందువరుసనుండి బయలుదేరి మూడవవాడుగా వచ్చెను. వేగమునకు కొదువలేదు. హైదరాబాదు పందెమైన రెండు వారములకు కేప్‌టౌనులో, వెనుక చక్రముల కుదుపులను తాళు సస్పెన్షను నమ్మదగినట్లు లేదని తెలిసి, ఆ జట్టు పందెమునుండి తానే తొలగెను. మన రైతులకు ఇది క్రొత్త కాదు. ఎంత జవముగల యెడ్లయినను కడచీల ఊడినచో బండి బోల్తాపడును. లోపమును దాచి పరుగెత్తుటకంటె ఒప్పుకొని ఆగుటయే ఘనత యని మా అభిప్రాయము.

ఇక మన మాటకు వత్తము. మేము శిక్షణకళాశాలలో చదివిన దినములలో, అభ్యాసపరీక్ష ఉపాధ్యాయునకు దీపమువంటిదని నేర్చుకొంటిమి. నేర్చినంత సేపు పట్టలేదు, మరచితిమి. పూర్వము మేము పనిచేసిన యొక బడిలో ప్రతి అభ్యాసపరీక్షకును స్థానములు చదివి వినిపించుచుంటిమి. ఒక బాలుడు లెక్కలలో ఎల్లప్పుడును మూడవవాడు. పెద్దపరీక్షలో అదే లెక్కలలో తప్పెను. విచారింపగా, ఏడాది పొడుగునను ప్రక్కవాని కాగితము చూచి వ్రాసెనని తేలెను. “మార్కులు తగ్గిన నాడు ఇంటికి పోవుటకు భయమండీ, మాస్టారూ” అని వాడు కన్నీరు పెట్టుకొనెను. వానికి భిన్నములు రావని ఏడాది మొదటనే మాకు తెలిసియుండవలసినది. తెలియకుండ చేసినది మా పట్టికయే. ఆ తప్పు మాది.

స్థానములు లేకున్న పిల్లలకు పట్టుదల యుండదని కొందరు తలిదండ్రులందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఎన్నడును చెడకపోయినను నత్తవలె నడచు కారు పందెమున గెలువదు గదా! వేగమును కావలసినదే. కాని దేనికి కాలము దానికున్నది. పందెపునాడు స్థానము లెక్కింతము. పరీక్షనాడు లోపములు లెక్కింతము.

కనుక మా మనవి యిది. అభ్యాసపరీక్షల స్థానపట్టికను గోడకు అంటించుట మానుదము. ప్రతి విద్యార్థియు తన తప్పులను ఒక చిన్నపుస్తకమున వ్రాసికొని, దిద్దుకొన్న పిమ్మట తలిదండ్రులచే సంతకము చేయించుకొని రావలెను. ఎక్కువ తప్పులు దిద్దుకొన్నవానికి బహుమానమిత్తము. తలిదండ్రులారా, కాగితముపై ఎఱ్ఱసిరా కనబడిననాడు బిడ్డపై చేయి యెత్తకుడు, ప్రక్కన కూర్చుండి, “ఎక్కడ ఆగినదిరా, నాయనా?” అని యడుగుడు. బిడ్డ నిజము చెప్పగలిగిన యింటినుండియే పెద్దపరీక్షలో నిలుచువాడు వచ్చును.