“నా స్వభావమే అంత!”

చేసిన తప్పే మరల మరల చేసి, “నా స్వభావమే అంత” అని తప్పించుకొనుచున్నావా? ఆ సాకు నేనొప్పను.

పేతురును చూడుము. ప్రధానయాజకుని ముంగిట ఒక చిన్నది అడుగగానే ప్రభువును ఎరుగనని బొంకెను, ఎంతో యేడ్చెను. ఏండ్లు గడచిన తరువాత అంతియొకయలో, యెరూషలేమునుండి కొందరు రాగానే, అన్యజనులతో భోజనము మానుకొని వెనుకకు తీసెను. చోటు వేరు, భయమొక్కటే: చూచువారేమందురో! కన్నీళ్లు దానిని మాన్పలేదు. పౌలు ముఖాముఖిగా ఎదిరింపవలసివచ్చెను.

సంఘపెద్ద కానుకల లెక్క అడిగినప్పుడెల్ల నా గొంతు లేచును. లెక్క తప్పని కాదు. నన్ను దొంగ యనుకొనునేమోనని. నా భార్య చెప్పువరకు అది నాకే తెలియదు (బోధకుడను గదా!). నీ యింటివారిని అడుగుము, వారెరుగుదురు. ఇప్పుడు అతడు అడుగకమునుపే పుస్తకము అతని చేత పెట్టుచున్నాను. నా చేయి ఇంకను వణకును.