అసోసియేషన్ వంతు ఎందుకు కట్టాలి?



ఈ నెల మేము కుటుంబ ప్రార్థన గురించి వ్రాయవలెనని అనుకొన్నాము. అయితే ఒక పల్లె సంఘపు డీకన్లు వ్రాసిన ఉత్తరము మా బల్లమీద ఉన్నది. దానికి జవాబు చెప్పకుండ వేరొకటి వ్రాయుటకు మనసు ఒప్పలేదు. వారు అడిగినది ఇది: "మాది నలభై కుటుంబముల సంఘము. ఈ ఏడు మిరపకు ధర లేదు. గుడి పైకప్పు కారుచున్నది. ఏటేటా అసోసియేషన్ వంతు పంపుచున్నాము గాని దానివలన మాకు ఒరిగినదేమిటో తెలియుట లేదు. ఈ సంవత్సరము ఆ డబ్బు ఆపుకొని రేకులు వేసికొంటే తప్పా?"

ఊరి పేరు వ్రాయము. ఈ ప్రశ్న ఆ ఒక్క ఊరిది మాత్రమే కాదని మాకు తెలుసు. పైకి అడిగినవారు వారు, లోపల అనుకొనుచున్నవారు చాలామంది.

మొదట తేలిక మాట చెప్పి ముందుకు పోదాము. కారుచున్న గుడికి రేకులు వేసికొనుట తప్పు కాదు. బాప్తిస్టు సంఘములలో అసోసియేషన్ ఏ సంఘము మీదా దొర కాదు. వంతు కట్టలేదని గుడికి తాళము వేయు అధికారము దానికి లేదు. ఇది నేడు మనము కల్పించుకొన్న మాట కాదు. అమెరికాలో 1707లో అయిదు సంఘములు కూడి ఫిలడెల్ఫియా అసోసియేషన్‌ను ఏర్పరచుకొన్నవి. ఆ అసోసియేషన్‌కే 1749లో బెంజమిన్ గ్రిఫిత్ అనే కాపరి ఒక వ్యాసము వ్రాసి ఇచ్చాడు. అసోసియేషన్ సంఘములమీద పై కోర్టు కాదనియు, ప్రతి సంఘమునకు తన అధికారము క్రీస్తునుండియే వచ్చుననియు అందులో ఒప్పుకొన్నారు. కాబట్టి వంతు అనేది పన్ను కాదు. ఇష్టముతో ఇచ్చేది. ఇష్టముతో ఇచ్చేది గనుకనే ఎందుకు ఇస్తున్నామో తెలియాలి.

"మా కొద్ది డబ్బు ఏపాటి?" అని కూడ ఆ ఉత్తరములో ఉన్నది. ఈ మాటకు మేము ఇంగ్లాండుకు పోయి రావలసియున్నది.

నార్తాంప్టన్‌షైర్ ప్రాంతములో చిన్న చిన్న బాప్తిస్టు సంఘములు ఒక అసోసియేషన్‌గా ఉండేవి. 1784లో ఆ అసోసియేషన్ తన సంఘములన్నిటిని నెలకొకసారి కూడి ప్రార్థించమని పిలిచినది. ఆ సంఘముల కాపరులలో విలియం కేరీ ఒకడు. సంఘమిచ్చే జీతము చాలక చెప్పులు కుట్టి, బడి చెప్పి బ్రతికినవాడు. 1792 మే నెలలో అసోసియేషన్ కూటములోనే ఆయన అన్యదేశముల గురించి ప్రసంగించాడు. అదే సంవత్సరము అక్టోబరు 2న కెట్టరింగ్ ఊరిలో ఒక విధవరాలి ఇంటిలో పిడికెడు మంది కూర్చుండి మిషనెరీ సొసైటీని స్థాపించారు. ఆ రాత్రి వారు చందా వ్రాసుకొన్నది 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఆ కాగితములను ఒక ముక్కుపొడి డబ్బాలో వేశారని చెప్పుకొంటారు. ఆ డబ్బా వెనుకనుండి కేరీ బెంగాలుకు వచ్చాడు. శ్రీరాంపూరులో 1814లో తెలుగు వ్యాకరణము అచ్చువేశాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆ ముద్రణాలయమునుండి వచ్చినది. మన భాషలో దేవుని వాక్యము అచ్చుపడిన చరిత్రలో ఒక పల్లెటూరి అసోసియేషన్ వంతు ఉన్నది.

ఇక మన దేశమునకు వద్దాము. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరారు. 1844లో అక్కడ సంఘము ఏర్పడినది. ఆ తరువాత చాలాకాలము ఫలము చాల తక్కువ. 1853లో అమెరికాలోని ఆల్బనీలో కూడిన మిషను పెద్దలు ఈ తెలుగు పనిని మూసివేద్దామా అని ఆలోచించారు. మూయలేదు. పటములో ఒంటిగా నిలిచిన చుక్క అని దీనిని పిలిచారు. అందుకే పాతవారు 'ఒంటరి నక్షత్రపు మిషను' అనేవారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండను మనము నేటికిని ప్రార్థన కొండ అంటాము. దొరగారి పేరు అందరికి గుర్తున్నది. ఆయనతో కొండ ఎక్కినవారిలో జూలియా, రూతు అనే స్త్రీలు ఉన్నారని మన ఆదివారపు బడి పిల్లలలో ఎందరికి తెలుసు?

క్లౌ దొరగారు ఒంగోలు వచ్చిన తరువాత 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘము స్థాపించబడినది. అప్పటికే తాళ్ళకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్యగారు ఉన్నారు. తోళ్ళ వ్యాపారము మీద ఉత్తరమునకు వెళ్ళి, అక్కడ సువార్త విన్నవారు. 1866లో ఆయనకును ఆయన భార్య నాగమ్మగారికిని జూయెట్ దొరగారు బాప్తిస్మమిచ్చారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు పేరయ్యగారి ప్రాంతమునకు వెళ్ళగా 28 మంది బాప్తిస్మము పొందారు. దొర రాకముందే పేరయ్య ఊరూర నాటియుంచిన విత్తనమిది. గోదావరి ఆవల కాకినాడలో కూడ ఇట్లే జరిగినది: కెనడా మిషనెరీలు 1874లో రాకముందే, టెలిగ్రాఫు ఉద్యోగము విడిచిన థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు అక్కడ పని మొదలుపెట్టియున్నాడు.

మాదిగవారు సంఘములోనికి వచ్చుట చూచి ఒంగోలులో పై కులములవారు తమ పిల్లలను బడినుండి మాన్పించారు. ఇక ఏమి చేయాలో తోచక దొరగారు ఒక గదిలోను, దొరసానిగారు మరొక గదిలోను బైబిలు తెరవగా ఇద్దరికిని ఒకటే భాగము, మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయము 26 నుండి 29 వచనములు, దొరికినదని క్లౌగారే చెప్పియున్నారు. చదువరులు తమ బైబిలు తీసి చూచుకొనగలరు. అక్కడితో ఆ మిషను దారి తేలిపోయినది.

అయితే మేము చెప్పదలచిన అసలు సంగతి దీని తరువాతది. విశ్వాసులైనవారికి మూడు సంగతులు గట్టిగా చెప్పేవారు: ఆదివారము పని చేయవద్దు, చచ్చిన పశువుల మాంసము తినవద్దు, విగ్రహములకు మ్రొక్కవద్దు. వినుటకు ఈ మూడును చిన్నవిగా ఉన్నవి. పల్లెలో బ్రతికినవారికి తెలుసు, ఇవి చిన్నవి కావు. ఆదివారము పనికి రాను అంటే ఆసామికి కోపము. జాతరకు డప్పు కొట్టను అంటే ఊరంతటికి కోపము. నీళ్ళు ఆపేవారు, పని ఆపేవారు, కొట్టేవారు. పది ఇండ్లవారు ఒక ఊరిని ఎదిరించి ఎన్ని దినములు నిలువగలరు?

ఇక్కడ అక్కరకు వచ్చినది మూడు నెలలకొకసారి ఒంగోలులో జరిగే కూటము. పల్లెలనుండి బోధకులు నడిచి వచ్చేవారు. తాళ్ళకొండపాడు నలభై మైళ్ళు. అంటే రెండు రోజుల నడక. ఒక్కొక్కరు లేచి తన ఊళ్ళ సంగతి చెప్పేవారు: ఎవరు నమ్మారు, ఎక్కడ హింస కలిగినది, ఎవరికి ఎవరితో జగడము. బాప్తిస్మమునకు సిద్ధపడినవారిని వెంటబెట్టుకొని వచ్చేవారు. కొన్ని దినములు కలిసి ప్రార్థించి, వాక్యము నేర్చుకొని, ధైర్యము తెచ్చుకొని మరల వెళ్ళేవారు. ఊరిలో ఒంటరిగా ఉన్న పది ఇండ్లవారికి, నూరు ఊళ్ళలో తమవంటివారు ఉన్నారని ఆ బోధకుడు తిరిగివచ్చి చెప్పినప్పుడు కదా తెలిసినది! అసోసియేషన్ అనే ఇంగ్లీషు మాట పల్లెలకు తరువాత వచ్చియుండవచ్చు. ఆ పని మాత్రము అప్పుడే ఉన్నది.

1876–78 కరువులో ఈ ఏర్పాటు విలువ ఇంకా బాగా కనబడినది. క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడు మైళ్ళ పైచిలుకు గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. బోధకులు కాలువగట్టున మేస్త్రీలుగా నిలిచి, విశ్రాంతి వేళ వాక్యము చెప్పేవారు. జనము బాప్తిస్మము అడిగారు. కూటికొరకు వచ్చారన్న మాట రాకూడదని కరువు పని జరిగినంతకాలము ఆయన ఇవ్వలేదు. పని అయిపోయిన తరువాత, ఇచ్చుటకు ఏమియు లేని దినములలో, వారే మరల వచ్చి నిలిచారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, సుమారు తొమ్మిది గంటలు నీటిలో నిలిచారు. ఆ దినము క్లౌగారు ఒక్కరికైనను బాప్తిస్మమివ్వలేదు. తెలుగు బోధకులే ఇచ్చారు. ఏ ఊరివారిని ఆ ఊరి బోధకుడు ఎరుగును. ఎవరు నిజముగా నమ్మారో సాక్ష్యము చెప్పగలిగినది అతడే. ఏళ్ళ తరబడి కూడి వచ్చిన కూటములు లేకుంటే ఆ దినము అంత జనసమూహమును ఎవరు ఎరిగియుండేవారు? 2,222 అనే అంకెను మనము పండుగలలో గొప్పగా చెప్పుకొంటాము. దాని వెనుకనున్న పదేండ్ల నడకను చెప్పుకొనము.

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పుదుము. ఒంగోలు ఫీల్డు పెద్దదైపోగా 1880 దశకములో కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు ఫీల్డులైనవి. 1897లో తెలుగు బాప్తిస్టు సంఘముల కన్వెన్షను ఏర్పడినది. 1962లో తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశము వచ్చినది. ఈ ఫీల్డులే మన అసోసియేషన్లకు తల్లులు.

ఇప్పుడు డీకన్ల ప్రశ్నకు వత్తము. నేటి అసోసియేషన్‌వలన పల్లె సంఘమునకు ఏమి ఒరుగును?

కాపరి చనిపోయిన సంఘమునకు మరొక కాపరి వచ్చువరకు ప్రభువు బల్ల ఇచ్చుటకు ఎవరిని పిలుతురు? క్రొత్త సేవకుని అభిషేకించుటకు ముందు అతని సాక్ష్యము, సిద్ధాంతము విచారించవలసినది ఎవరు? సంఘము రెండు ముక్కలై కాపరియే ఒక ముక్కవాడైనప్పుడు మధ్య కూర్చుండి వినవలసినది ఎవరు? నేడు ప్రతి ఊరిలోను ప్రార్థన మందిరములు లేచుచున్నవి. వాటిలో యథార్థముగా సేవచేయువారు ఉన్నారు, వారిని మేము తక్కువ చేయము. కాని జగడము వచ్చిననాడు ఆ మందిరములలో అనేకమునకు చెప్పుకొను చోటు లేదు. కాపరి ఇల్లే గుడి, గుడి పత్రములు కాపరి పేరనే ఉన్నవి. ఆ ఇంటివారికి కోపము వస్తే విశ్వాసులు వీధిలో నిలువవలసినదే.

అంతమాత్రమున మన అసోసియేషన్లు బాగున్నవని మేము అనము. ఎన్నికలు వచ్చునప్పుడు కొన్ని చోట్ల ప్రతినిధులను ఊరి రాజకీయముల వలెనే లెక్కపెట్టుచున్నారు: వీరు మాలవారు ఎందరు, వారు మాదిగవారు ఎందరు అని. ఒకే నీటిలో మునిగి లేచినవారి నోట ఈ లెక్క వినుట మాకు బహు దుఃఖము. మిషను స్థలముల తగవులలో కోర్టు మెట్లు ఎక్కి వకీళ్ళకు పోసిన డబ్బు ఎన్ని గుళ్ళకు రేకులు వేసేదో! పల్లె డీకను అనుమానపడుచున్నాడంటే కారణము లేకపోలేదు.

మరొక కష్టమైన సంగతి కూడ ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హక్కు ఉండదు. అందుచేత గుడికి వచ్చువారు నూరు మంది, రిజిస్టరులో పేరుండువారు ముప్పది మంది. పిల్లల చదువు, ఉద్యోగము ముందు పెట్టుకొని తండ్రి భయపడుచున్నాడు. అతనిని బలిపీఠమునుండి గద్దించుట సులభము, మేము గద్దింపము. కాని ఆ రిజిస్టరును బట్టియే అసోసియేషన్‌కు ప్రతినిధులను లెక్కించుచున్నారు గనుక బీద సంఘము మరింత చిన్నదిగా కనబడుచున్నది. ఈ విషయము వార్షిక కూటములో పెద్దలు నోరు తెరచి మాటలాడవలెను.

కాబట్టి ఆ డీకన్లకు మా సలహా ఇది. రేకులు వేయించుకొనుడి. ఈ సంవత్సరము వంతులో సగమే పంపుడి గాని, ఊరకే మానివేయకుడి. ఎందుకు తగ్గించినారో ఒక ఉత్తరము జతచేయుడి. సంఘ స్త్రీలు ఇంటింట అన్నము వండునప్పుడు తీసియుంచు పిడికెడు బియ్యము ఇంకను నడుచుచున్నచో, ఒక నెల బియ్యము అమ్మగా వచ్చినది దీనికి పెట్టవచ్చును. ఇద్దరు ప్రతినిధులను పంపుడి, అందులో ఒకరు స్త్రీ అయియుండవలెను. లెక్కల పుస్తకము చదువునప్పుడు లేచి ప్రశ్న అడుగమని వారికి చెప్పి పంపుడి. కట్టువానికి అడుగు హక్కు ఉన్నది, అడుగనివానికి ఎవరును వచ్చి చెప్పరు. గుడి మరమ్మతుకు సహాయము కావలెనని కూడ అక్కడనే వ్రాతపూర్వకముగా అడుగుడి. పొరుగు సంఘములు ఒక్కొక్క రేకు ఇచ్చినను మీ కప్పులో సగము నిండును.

చివరగా పాఠకులందరికి ఒక మనవి. మీ సంఘపు పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, అసోసియేషన్ మినిట్సు పుస్తకములు గుడి బీరువాలోనో, చనిపోయిన కాపరి ఇంటి అటక మీదనో ఉండవచ్చును. చాల చోట్ల చెదలు తినుచున్నవి. వాటిలో మీ ముత్తాత, ముత్తవ్వల పేర్లు, వారు నీటిలో దిగిన తారీఖు ఉన్నవి. ఒక ఎండగల దినమున వాటిని బయటికి తీసి, దుమ్ము దులిపి, వేపాకు పెట్టి, యౌవనస్థులచేత సెల్‌ఫోనులో పేజీ పేజీకి ఫొటో తీయించుడి. అక్షరములు చెదిరినచో పెద్దలు బ్రతికియుండగానే వారిని కూర్చుండబెట్టి చదివించుడి. అసోసియేషన్ కూటమునకు వచ్చు ప్రతినిధులు ఆ పుస్తకములను కూడ సంచిలో వేసికొని రావలెను. కుటుంబ ప్రార్థన గురించి వచ్చే నెల వ్రాయుదుము.