కానుక

ఇచ్చిపుచ్చుకోవడానికి సంబంధించిన మాటలకు తెలుగులో కొదువ లేదు. ఈవి, దానం, కట్నం, పసదనం, సంభావన, బహుమానం, వాయనం, సారె – ఇవన్నీ ఒక చేతి నుంచి మరొక చేతికి చేరే వాటికి పేర్లే. అయితే ఒక్కొక్క మాటకు ఒక్కొక్క సందర్భం ఉంది. దానంలో ఇచ్చే చేయి పైన, పుచ్చుకొనే చేయి క్రింద ఉంటాయి. సంభావన పండితునిది, పసదనం రాజాస్థానానిది, సారె ఆడపడుచుది. బహుమానం అన్న మాటకు అసలు అర్థం మిక్కిలి గౌరవం; గెలిచినవారికి ఇచ్చే వస్తువన్న అర్థం తరువాత స్థిరపడింది. వీటన్నింటి నడుమ ‘కానుక’ అన్న దేశ్యపదం వేరుగా నిలుస్తుంది. ఇది చూడడం అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టిన మాట. తమిళంలోని ‘కాణిక్కై’ దీనికి తోబుట్టువు. పెద్దలనో, దైవాన్నో, ఆప్తులనో కానబోయేటప్పుడు వట్టి చేతులతో పోకుండా వెంట తీసికొనిపోయేది కానుక.

పుట్టుకలోనే ఈ మాటలో ఒక చూపు ఉన్నది. కానుకను గురించిన ఆలోచన ఆ చూపు దగ్గర మొదలు కావాలి. వెల ఎంత అన్న ప్రశ్న తరువాతిది. ఇచ్చేవాడు ఎదుటివానిని నిజంగా చూశాడా, పుచ్చుకొన్నవాడు ఇచ్చినవానిని చూశాడా అన్న రెండు ప్రశ్నలకు సమాధానం దొరకనప్పుడు, చేతులు మారింది ఎంత విలువైన వస్తువైనా అది సరుకే అవుతుంది.

పోతన భాగవతం దశమ స్కంధంలోని కుచేలోపాఖ్యానం తెలియని తెలుగువారు అరుదు. కాని ఆ కథను చెప్పుకొనే తీరులో తరతరాలుగా ఒక పొరపాటు దొర్లుతున్నది. పిడికెడు అటుకులిచ్చి అష్టైశ్వర్యాలు పొందాడని చెప్పి ముగిస్తారు. అలా చెప్పినప్పుడు అది కొద్ది పెట్టుబడికి గొప్ప లాభం వచ్చిన వ్యాపార వృత్తాంతంగా మిగులుతుంది. కథ అది కాదు. పేదరికంతో పిల్లల ఆకలి తీర్చలేని ఇల్లాలు, బాల్యమిత్రుడైన కృష్ణుని వద్దకు వెళ్లి రమ్మని భర్తను వేడుకొంటుంది. ఆమె కోరుకొన్నది సంపద. అతడు బయలుదేరింది దర్శనం కోసం. అందుకే బయలుదేరే ముందు, తీసికొనిపోవడానికి ఇంట ఏమైనా ఉన్నదా అని అడుగుతాడు. సంస్కృత మూలంలో ఆ ఇల్లాలు పొరుగు ఇళ్లలో నాలుగు పిడికిళ్ల అటుకులు అడిగి తెచ్చి గుడ్డపీలికలో మూటగట్టి ఇస్తుంది. అనగా ఆ కానుక ఆ ఇంటి వస్తువు కూడా కాదు. లేమిలో మరొకరిని యాచించి తెచ్చినది. కుచేలుని పేరు తలచినంతగా లోకం ఆ ఇల్లాలిని తలచకపోవడం న్యాయం కాదు.

ద్వారకలో జరిగినది ఇంకా గమనింపదగినది. కృష్ణుడు తల్పం దిగి ఎదురువచ్చి కౌగిలించుకొన్నాడు, కాళ్లు కడిగాడు, రుక్మిణి వింజామర వీచింది. సాందీపని గురుకులంలో ఉన్నప్పుడు కట్టెల కోసం అడవికి వెళ్లి వానలో చిక్కుకొన్న రాత్రిని మిత్రులిద్దరూ తలచుకొన్నారు. ఇంత జరిగినా కుచేలుడు మూట విప్పలేదు. ఆ మేడలను, ఆ వైభవాన్ని చూచిన తరువాత తన అటుకులను బయటపెట్టడానికి అతనికి చేతులు రాలేదు. పెండ్లి పందిరిలో మెరిసే కాగితాలు చుట్టిన పెద్దపెద్ద పెట్టెల నడుమ తమ చిన్న పొట్లాన్ని ఎవరూ చూడకుండా పెట్టి తప్పుకొన్నవారికి ఆ క్షణం బాగా తెలుస్తుంది. అప్పుడు కృష్ణుడు తనకేమి తెచ్చావని తానే అడిగాడు. మిత్రుడు తల వంచుకొని మాట్లాడకపోతే, తానే ముడి చూచి, తీసి, పిడికెడు ఆరగించాడు. అతిథి దాచుకొన్న మూటను లాగి విప్పడం లోకంలో మర్యాద కాదు. అక్కడ మాత్రం అంతకు మించిన మర్యాద లేదు. ఇచ్చేవాని సిగ్గును తుడిచివేసే స్వీకారం అది. రెండవ పిడికిలి ఎత్తబోతుండగా రుక్మిణి వారించిందన్నది కథలో తరువాతి మాట. మరునాడు కుచేలుడు వట్టి చేతులతోనే తిరుగు ప్రయాణమయ్యాడు. దారి పొడుగునా అతడు తలచుకొన్నది మిత్రుని ఆదరణనే. తన ఇల్లు మేడ అయిన సంగతి అప్పటికి అతనికి తెలియదు. కథకు ప్రాణమైన ఘట్టం ఆ తెలియని దారిలోనే ఉన్నది.

ఇవ్వడం నేర్పే గ్రంథాలు లోకంలో చాలా ఉన్నాయి; పుచ్చుకోవడం నేర్పేవి తక్కువ. భారతంలో దీనికి ఎదురుగా నిలిచే ఘట్టం ఒకటి ఉంది. ధర్మరాజు రాజసూయం చేసినప్పుడు దేశదేశాల రాజులు తెచ్చిన కానుకలను స్వీకరించే పని దుర్యోధనునికి అప్పగించారు. రత్నాలు, గుఱ్ఱాలు, కంబళ్లు వరుసగా వస్తూనే ఉన్నాయి. అందుకొనీ అందుకొనీ తన చేతులు అలసిపోయాయని అతడే తండ్రితో చెప్పుకొన్నాడు. తెచ్చినవారి ముఖాలు అతనికి గుర్తులేవు, తెచ్చిన వస్తువుల లెక్కే గుర్తున్నది. ఆ లెక్క అసూయగా మారి, జూదంగా మారి, అడవులకు, యుద్ధానికి దారితీసింది. ద్వారకలో చేయి చాపి తీసికొన్నవాడు ఇచ్చినవానిని చూశాడు; ఇంద్రప్రస్థంలో చేతులు నొచ్చేదాకా తీసికొన్నవాడు వస్తువులనే చూశాడు.

ఇది పురాణాలకే పరిమితమైన విషయం కాదు. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు 1529లో మరణించిన తరువాత, ఆయనను తలచుకొంటూ అల్లసాని పెద్దన చెప్పినదిగా ప్రసిద్ధమైన చాటుపద్యం ఒకటి ఉంది. రాయల వలన తాను పొందినవాటిని వృద్ధకవి అందులో ఒక్కొక్కటిగా తలచుకొంటాడు. ఆ వరుస ఆలోచింపదగినది. మొదట వచ్చేది ఒక చిన్న సంఘటన. దారిలో ఎదురుపడినప్పుడు రాయలు తన ఏనుగును నిలిపి, చేయూతనిచ్చి, కవిని పైకి ఎక్కించుకొన్నాడట. రెండవది, మనుచరిత్రను అందుకొన్న వేళ కవి కూర్చున్న పల్లకిని తన చేతితో పట్టి ఎత్తడం. మూడవది, కవిగండపెండేరాన్ని తానే కవి పాదానికి తొడగడం. కోకట గ్రామం మొదలైన అగ్రహారాల ప్రస్తావన వచ్చేది నాలుగవ పాదంలో. ఆ పైన ఎత్తుగీతిలో, బిరుదుతో తనను నోరార పిలిచే ఆ పిలుపును తలచుకొని కవి కుమిలిపోతాడు.

పండితులు ఈ పద్యాన్ని రాయల సాహిత్యపోషణకు నిదర్శనంగా చూపుతారు. అందులో తప్పు లేదు. కాని లెక్క ప్రకారం చూస్తే అగ్రహారాలే అన్నింటికన్న పెద్ద ఈవి. తరతరాలు తిన్నా తరగనివి. కవి వాటిని చివరకు నెట్టి, మొదటి మూడు స్థానాలను రాజు చేతికి ఇచ్చాడు. ఏనుగు మీదికి లాగిన చేయి, పల్లకి మోసిన చేయి, పెండేరం తొడిగిన చేయి. భూములు ఇవ్వడానికి రాజు ఎదుట ఉండనక్కరలేదు, శాసనం చాలు. ఈ మూడూ శాసనం మీద జరిగే పనులు కావు. శాసనం వేయించి ఇచ్చిన రాజులు ఎందరో ఉన్నారు. ఆ ఈవులలో పుచ్చుకొన్నవారి కంట నీరు తెప్పించినవి ఎన్ని?

దానంలో సైతం ఈ తేడా కనిపిస్తుంది. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపంలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగిసిన తరువాత వినోబా భావే తెలంగాణ గ్రామాలలో పాదయాత్ర సాగించాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజన కుటుంబాలవారు బ్రతకడానికి 80 ఎకరాల భూమి కావాలని ఆయనతో చెప్పుకొన్నారు. ప్రభుత్వం సంగతి ఎలా ఉన్నా ఈ ఊరిలో ఇవ్వగలవారు ఎవరైనా ఉన్నారా అని ఆయన సభను అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అడిగినవారు, ఇచ్చినవాడు ఒకే చోట, ఒకరికొకరు కనిపించేంత దూరంలో ఉన్నారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది; ఆ ఊరికి భూదాన్ పోచంపల్లి అన్న పేరు నిలిచింది. తరువాతి కాలంలో ఉద్యమం దేశమంతటా వ్యాపించి, 5 కోట్ల ఎకరాలను లక్ష్యంగా పెట్టుకొన్నది. దానపత్రాలు లక్షల ఎకరాలకు అందాయి. కాని వాటిలో సాగుకు పనికిరాని రాళ్లనేలలు, వివాదాలలో చిక్కిన భూములు తక్కువేమీ కావు. చాలా భూమి పేదల చేతికి చేరనే లేదు. ఉద్యమకారుల చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. ఎదుటి మనిషి స్థానంలో అంకె నిలిచిన తరువాత, ఇచ్చేవాడు తనకు అక్కరలేనిదాన్ని వెతికి ఇవ్వడం సులభమైపోయింది.

ఇక నేటి పెండ్లి పందిళ్లకు వస్తే, చదివింపుల పద్ధతిని చులకన చేయడం చదువుకొన్నవారికి అలవాటు. బల్ల దగ్గర ఒకరు పుస్తకం తెరచుకొని కూర్చుని, 116 అనీ, 1,116 అనీ పేరుపేరునా రాసుకోవడం చూచి నవ్వుతారు. నిజానికి ఆ పద్ధతి వెనుక ఒక మంచి ఆలోచన ఉంది. ఒక ఇంటి పెండ్లి ఖర్చును ఊరంతా తలా కొంత మోయడం, తమ ఇంట శుభకార్యం వచ్చినప్పుడు పాత పుస్తకం తీసి చూచి అంతకు తగ్గకుండా తిరిగి ఇవ్వడం – ఇది పరస్పర సహాయం, ఒక విధమైన చేబదులు. అది గౌరవప్రదమైనదే. దానిని కానుక అని పిలిచి, అంకెను బట్టి మనిషికి మర్యాద చేసినప్పుడే చిక్కు వస్తుంది.

అంతకన్న పెద్ద కీడు వరకట్నం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం పెండ్లి కానుకలను నిషేధించలేదు. అడగకుండా ఇచ్చినవాటికి మినహాయింపునిచ్చింది, జాబితా ఉండాలన్నది. 1985 నాటి నియమాల ప్రకారం ఆ జాబితాలో వస్తువు ఏమిటో, ఇంచుమించు వెల ఎంతో, ఇచ్చినవారి పేరేమిటో, వారికి వధూవరులతో బంధుత్వమేమిటో రాసి, వధూవరులు సంతకాలు చేయాలి. తల్లి కూతురికి ఇచ్చే గాజులకు కూడా సాక్ష్యపత్రం కావలసి వచ్చిందంటే, కానుక పేరుతో ఎన్ని ఇళ్లలో ఎంత కన్నీరు కారి ఉంటుందో ఊహించవచ్చు. చట్టం గీసిన గీత ఒక్క మాట మీద ఆధారపడి ఉంది: అడిగారా, అడగలేదా? కృష్ణుడూ అడిగాడు కదా అని ఒక గడుసు విద్యార్థి ప్రశ్నించవచ్చు. కృష్ణుడు అడిగింది తెచ్చినవాని తల ఎత్తించడానికి. వరుని పక్షం అడిగేది ఆడపిల్ల తండ్రి తల వంచడానికి.

కానుకలను అంగళ్లు వాటంతట అవే చుట్టి, పేరు రాసి, ఇంటికి చేర్చే కాలమిది. దూరదేశంలో ఉన్న కొడుకు తల్లికి పట్టుచీర ఇలా పంపడం తప్పని ఎవరూ అనరు. కాని ఆ తల్లి చీరను పెట్టెలో దాచి, కొడుకు ఎప్పుడు వస్తాడని ఫోనులో అడుగుతుంది. సెలవులు ముగిసి ఊరికి వెళ్లే మనుమని చేతిలో, కొంగు చివరి ముడి విప్పి పది రూపాయల నోటు పెట్టే అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ముడి పళ్లతో విప్పవలసినంత గట్టిగా ఉంటుంది. నోటు నలిగి ఉంటుంది. ఆ పది రూపాయలకు ఈనాడు వచ్చేది ఏమీ లేదని మనుమనికి తెలుసు. వద్దనకూడదని కూడా తెలిస్తే అతడు మంచి చదువు చదివినట్లే. వద్దని చేయి వెనక్కు తీసికొనే మర్యాద కొన్నిచోట్ల మర్యాద కాదు.

శ్రావణమాసపు నోములలో వాయనం ఇచ్చే స్త్రీలకు ఈ సంగతి ఏ గ్రంథమూ చదవకుండానే తెలుసు. నానబెట్టిన శనగలు, తాంబూలం, పసుపు కుంకుమలు కొంగు కప్పి అందిస్తూ ఇచ్చేవారు ఇస్తున్నానని పలుకుతారు. అందుకొనేవారు పుచ్చుకొంటున్నానని పలుకుతారు. రెండవ మాట పలకనిదే వాయనం పూర్తి కాదు.

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాటల మీద పాతపుస్తకాలు పరచి అమ్ముతారు. అక్కడ దొరికే నిఘంటువులలో, ప్రబంధాలలో కొన్నింటి మొదటి పుటపై పాత సిరా చేవ్రాలు కనిపిస్తుంది. ఎవరో గురువు ఎవరో శిష్యునికి ఆశీస్సులతో ఇచ్చినట్లుగా, అక్క తమ్మునికి పరీక్ష గెలిచినందుకు ఇచ్చినట్లుగా, ఒక తేదీ, ఒక సంతకం. ఆ ఇద్దరూ ఎవరో, పుస్తకం ఆ ఇల్లు ఎందుకు విడిచిందో చెప్పేవారు లేరు. అమ్మేవాడు ఆ పుటకు వెల కట్టడు. కొన్న విద్యార్థి తన పేరు రాసుకోవడానికి కలం తీసి మొదటి పుట తెరుస్తాడు. అక్కడి అక్షరాలను ఒకసారి చదువుతాడు. తన పేరును తరువాతి పుటలో రాసుకొంటాడు.