పెట్టె గట్టిదే, ఊడింది చక్రం

తరచుగా ప్రయాణాలు చేసేవాళ్లు ఎలాంటి పెట్టె కొనాలని ఎవరిని అడిగినా ఇప్పుడు ఒకటే జవాబు. పేరున్న కంపెనీది, పాలీకార్బనేట్‌ది, నాలుగు చక్రాలది, గ్యారంటీ కార్డున్నది. కాస్త ఖరీదైనా సరే, పదేళ్లు చూసుకోనక్కర్లేదంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు ఇదే చెబుతారు, అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర అమ్మే షాపువాళ్లు ఇదే చెబుతారు, నిరుడు అమెరికా వెళ్లొచ్చిన వియ్యంకుడైతే ఇంకాస్త గట్టిగా చెబుతాడు. విమానాశ్రయంలో నున్నటి నేల మీద పుట్టిన సలహా ఇది. దీన్ని తెచ్చి ఈ జిల్లాలో బస్సెక్కే మనిషి నెత్తిన పెట్టడం అన్యాయం.

షాపులో జరిగే తంతు చూడండి. కుర్రాడు పెట్టెను పడుకోబెట్టి దాని మీదికెక్కి నిలబడతాడు. డొల్ల కాస్త వంగుతుంది, అతను దిగగానే మళ్లీ మామూలుగా అయిపోతుంది. కొనేవాడు తలూపుతాడు. ఇందులో మోసమేమీ లేదు. పాలీకార్బనేట్ నిజంగానే గట్టి ప్లాస్టిక్కు, ఏబీఎస్ అనే మామూలు ప్లాస్టిక్కు లాగా దెబ్బకు చిట్లదు. కానీ ప్రయాణంలో మన పెట్టె మీద ఎవరు ఎక్కి నిలబడుతున్నారు? మూలన పడేసిన పెట్టెల్ని తీసి చూడండి, డొల్లకు గీతలు తప్ప ఏమీ ఉండదు. చక్రం పోయి ఉంటుంది, లేదా హ్యాండిల్ లోపలికి దిగదు, లేదా జిప్పు పళ్లు కలవవు. చెడిపోని భాగాన్ని చూపించి, చెడిపోయే భాగాల ఊసెత్తకుండా అమ్మేయడమే ఈ వ్యాపారంలోని గడుసుతనం.

“మా నాన్న వీఐపీ సూట్‌కేసు నలభై ఏళ్లయినా చెక్కుచెదరలేదు, గట్టి పెట్టె అంటే అదీ” అనేవాళ్లున్నారు. నిజమే. పెళ్లిలో అల్లుడికి పెట్టిన ఆ పెట్టెలు ఇప్పటికీ అటకల మీద పట్టుచీరలూ పాసుపుస్తకాలూ దాచుకుని కూర్చున్నాయి. అయితే వాటిలో చాలావాటికి చక్రం లేదు, జిప్పు లేదు, జారే హ్యాండిల్ లేదు. అంచు చుట్టూ లోహపు చట్రం, రెండు కొక్కేలు, ఒక పిడి. విరగడానికి ఏమీ లేదు గనక విరగలేదు. ఇవాళ్టి పెట్టె ఆ గట్టి డొల్ల పేరు చెప్పుకునే అమ్ముడవుతోంది గానీ, దాని రెండు చిప్పల్ని పట్టి ఉంచేది ఒక్క జిప్పు. ఆ జిప్పు గుంతకల్లు జంక్షన్‌లో విడిపోయిందంటే చిప్పలు రెండూ నోళ్లు తెరుస్తాయి. తాడు కడదామన్నా నున్నటి డొల్ల మీద నిలవదు. గుడ్డ బ్యాగయితే తువ్వాలు బిగించి ఇంటిదాకా తెచ్చుకోవచ్చు.

ఇక చక్రాల సంగతి. అనంతపురం ఊళ్లో విమానాశ్రయం లేదు, పుట్టపర్తిలో ఉన్నది ప్రైవేటుది. 2008 మేలో దేవనహళ్లి దగ్గర బెంగళూరు కొత్త విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి మనలో ఎక్కువమంది విమానమెక్కేది అక్కడే. 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, బాగేపల్లి దాటి పోవాలి. వెళ్లే మనిషిది ఉరవకొండ పక్క పల్లె అనుకోండి. ఇంటి ముందర గరుసు నేల, సిమెంటు రోడ్డు మధ్యలో నీళ్ల పైపు కోసం తవ్వి సరిగా పూడ్చని గాడి, బస్టాండులో కంకర తేలిన తారు, బస్సు మెట్లు, అనంతపురంలో దిగి ఇంకో బస్సు. ఇంతా దాటాక టెర్మినల్లో నున్నటి నేల మీద నడిచేది ఎంతసేపు? ఆ కాసేపటి సుఖం కోసం నాలుగు చిన్న చక్రాలు కొంటున్నాం.

నాలుగు చక్రాల పెట్టెకు చక్రం అయిదు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చక్రం ఎంత చిన్నదైతే అంత చిన్న గులకరాయికే ఆగిపోతుంది. పైగా అన్ని వైపులా తిరగాలి గనక డొల్ల కిందికి పొడుచుకొచ్చి సన్నటి ఇరుసు మీద వేలాడుతుంది. బస్సు డిక్కీలో పెట్టెను ధనామని వేస్తే మొదటి దెబ్బ దానికే. రెండు చక్రాల పెట్టెలో చక్రం పెద్దది, సగం లోపలే ఒదిగి ఉంటుంది. విమానంవాళ్లు కొలిచే 55 సెంటీమీటర్ల ఎత్తులో చక్రాలనూ కలిపే కొలుస్తారు గనక, పొడుచుకొచ్చిన చక్రాలకు పోయే చోటు మన బట్టలకు దక్కాల్సిన చోటే. అసలు ఈ చక్రాల కథ మొదలైంది నాలుగింటితోనే. 1972లో అమెరికాలో బెర్నార్డ్ శాడో పేటెంటు పొందిన సూట్‌కేసుకు నాలుగు చిన్న చక్రాలూ, లాగడానికి ఒక పట్టీ. 1987లో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్ రాబర్ట్ ప్లాత్ తన కోసం చేసుకున్న పెట్టెకు మాత్రం రెండే చక్రాలు, వాల్చి లాగే పొడవాటి హ్యాండిల్. ప్రయాణమే ఉద్యోగమైన మనిషి ఎంచుకున్నది అది. ఆ తర్వాత మళ్లీ నాలుగుకు ఎందుకు వచ్చామంటే, షోరూములో వేలితో తోస్తే కదులుతుంది గనక.

అనంతపురం పాతూరులో బ్యాగుల రిపేరు చేసే ఒకాయన దగ్గర ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఎవరో తెచ్చిన నాలుగు చక్రాల పెట్టెను బోర్లించి, మళ్లీ తిప్పి, లోపలి లైనింగు జిప్పు లాగి, మోచేతిదాకా చెయ్యి దూర్చి తడిమాడాయన. “ఇప్పేకి రాదు సార్, రివిట్లు కొట్టినారు. స్క్రూలుంటే పది నిమిషాల పని” అన్నాడు. డ్రిల్లుతో రివిట్ల తలలు కోసి చక్రం ఊడదీశాడు. వెనక గోనెసంచిలో చచ్చిన పెట్టెల నుంచి పీకి దాచిన చక్రాలు గంపెడున్నాయి. అందులోంచి ఒకటి తీసి ఆనించి చూస్తే రంధ్రాలు కలవలేదు. “కంపెనీకొక సైజు. యాడ తెచ్చేది?” అంటూ డొల్లకే కొత్త రంధ్రాలు వేసి, వాషర్లు పెట్టి, నట్టుబోల్టు బిగించాడు. మూడు చక్రాలు నలుపు, ఒకటి బూడిదరంగు. పెట్టె నడిచింది. వేలు పోసి కొన్న వస్తువును, మొదట్లోనే నాలుగు స్క్రూలు పెట్టి ఉంటే పడనక్కర్లేని ప్రయాసపడి ఆయన బతికించాడు. నా లెక్కలో మన్నిక అంటే ఇదే. విరగకపోవడం కాదు, విరిగినప్పుడు మన ఊళ్లోనే విప్పి బాగుచేసుకోగలగడం. విరగని వస్తువు ఎవడూ చెయ్యలేదు.

“గ్యారంటీ ఉంది కదా” అంటారు. కార్డు తీసి చదవండి. మామూలుగా అది తయారీలో లోపాలకే వర్తిస్తుంది, వాడకంలో అరిగినదానికీ రవాణాలో తగిలిన దెబ్బకీ కాదు. చక్రం అరగడం వాడకం, హ్యాండిల్ వంకరపోవడం రవాణా. మిగిలింది డొల్ల, అది ఎటూ చెడిపోదు! ఒకవేళ ఒప్పుకున్నా సర్వీసు సెంటరు ఏ బెంగళూరులోనో ఉంటుంది. పెట్టె బాగుచేయించడానికి ఒక ప్రయాణం, తెచ్చుకోవడానికి ఇంకొకటి, ఈ మధ్యలో ఊరెళ్లాలంటే ఎదురింటివాళ్ల బ్యాగు అరువు. నెలకో రెండు నెలలకో ఊరు తిరిగేవాడికి ఇదేం గ్యారంటీ?

ఈ ప్రాంతానికి ఏడాదిలో పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. మిగతా కాలమంతా దుమ్ము. ఆషాఢం గాలి సంగతి, రామగిరి కొండల మీద గాలిమరలు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ సన్నటి ఎర్రమన్ను జిప్పులో చేరి రన్నర్‌ను లోపలి నుంచి అరగదీస్తుంది. రన్నర్ దవడలు వదులైతే పళ్లు బాగానే ఉన్నా కలవవు. జిప్పంతా పోయిందనుకుని బ్యాగే పారేసేవాళ్లు ఎందరో. మార్చాల్సింది రన్నర్ ఒక్కటే, చిల్లర ఖర్చు. బిగుసుకుందని కొబ్బరినూనె రాయకండి, నూనెకు మన్ను అంటుకుని ఇంకా అరుగుతుంది. కొవ్వొత్తి రుద్దండి, చాలు. కొనేటప్పుడే లావు జిప్పు, సన్నటి తీగ చుట్టినట్టుండే కాయిల్ రకం చూసుకోవాలి. విడివిడి ప్లాస్టిక్ పళ్ల జిప్పులో ఒక పన్ను ఊడితే ఇక అంతే.

గుడ్డ సంగతికొస్తే చీటీ మీద 1680 డెనియర్ అని రాసి ఉంటుంది, షాపులో దాని అర్థం అడిగితే ‘మందం సార్’ అంటారు. ధర్మవరంలో ఏ మగ్గం దగ్గర అడిగినా సరిగ్గా చెబుతారు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టుదారం లెక్క కూడా అదే, అక్కడ అంకె ఇరవై, ఇరవై రెండు దగ్గర ఉంటుంది. అంటే డెనియర్ చెప్పేది దారం లావు మాత్రమే, దేంతో చేశారన్నది కాదు. 1680 నైలానూ 1680 పాలియెస్టరూ ఒకటి కాదు, ఒరిపిడికి నైలానే ఎక్కువ నిలుస్తుంది. అంకె చూసి మురిసిపోయే ముందు పక్కన ఏ పేరుందో చదవాలి. పట్టీలు బ్యాగు అడుగు కింది నుంచి చుట్టి వచ్చాయా, పైన రెండు కుట్లతో ఆగిపోయాయా అన్నది కూడా. తెగిన కుట్టు ఏ చెప్పులు కుట్టే ఆయనైనా ఆరెతో, మైనం పూసిన దారంతో వేసిస్తాడు. పగిలిన పాలీకార్బనేట్‌ను కుట్టేవాడు లేడు.

బరువు మాట కూడా చెప్పుకోవాలి. దేశంలో ఎకానమీ టికెట్టుకు చేతి సామాను మామూలుగా 7 కిలోలు. గట్టి పెట్టె ఖాళీదే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. టికెట్టుకు డబ్బులిచ్చి ప్లాస్టిక్ మోయడమన్నమాట. చక్రాల్లేని మంచి గుడ్డ బ్యాగు కిలో, కిలోంబావు.

హైదరాబాద్‌లో గుమ్మం దగ్గర క్యాబెక్కి టెర్మినల్ ముందు దిగేవాళ్లతో నాకు పేచీ లేదు. కెమెరాలు మోసేవాళ్లతోనూ లేదు, వాళ్లకు గట్టి డొల్ల అవసరమే. అయితే తరచుగా ప్రయాణించేవాళ్లనగానే విమానంవాళ్లే గుర్తుకు రావడం కూడా ఈ సలహాతోపాటు వచ్చిన జబ్బే. ఈ జిల్లాలో బాగా తిరిగేది, శెనక్కాయ ఎండిన ఏడాది బెంగళూరుకో కేరళకో పనికి పోయే జనం. వాళ్ల సామాను సిమెంటు గోతంలో ఉంటుంది. ఆ గోతం నేసేది పాలీప్రొపిలీన్‌తో, తేలికపాటి హార్డ్ పెట్టెలని షాపుల్లో అమ్మేవాటిలో చాలా భాగం అదే పాలీప్రొపిలీన్. గోతాన్ని నేను పొగడబోవడం లేదు, ఎండకు కొన్ని నెలల్లోనే పొట్టు రాలిపోతుంది. వాళ్లకు తక్కువ ధరలో కుట్టించుకోదగ్గ, అతుకు వేయించుకోదగ్గ సంచి గురించి ఏ సలహాదారూ ఎందుకు మాట్లాడడని మాత్రం అడుగుతున్నాను.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. గుర్తించిన రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, ఫోన్లు ట్యాబ్లెట్లు, ఇళ్లలో వాడే మన్నికైన సామాన్లు, వాహనాలు. ప్రయాణపు పెట్టెల పేరు అందులో లేదు. చేర్చాలి. అడిగేవి పెద్ద కోరికలేం కావు. చక్రం స్క్రూలతో బిగించాలి, ఆ చక్రాన్ని విడిగా అమ్మాలి, రంధ్రాల కొలత అన్ని కంపెనీలకూ ఒకటే ఉండాలి. అప్పటిదాకా కొనే ముందు పెట్టెను బోర్లించి చూడండి. రివిట్లు కనబడితే చక్రం విడిగా దొరుకుతుందా అని షాపువాణ్ని అడగండి. “బెంగళూరు నుంచి తెప్పించల్ల సార్” అన్నాడంటే ధరలో అయిదొందలు తగ్గించమని బేరమాడండి, అది పాతూరులో రిపేరు ఆయనకు ఇవ్వాల్సి వచ్చే డబ్బు.