గిటారు ఉన్నది మ్రోగడానికే



ఈనాడు మన సంఘాలలో చాలాచోట్ల గిటారు వాయించే కుర్రవాడు ఒకడైనా కనబడతాడు. ఒక గిటారుతో మొదలైన ముచ్చట రెండవ గిటారుకు, ఆ తర్వాత యాంప్లిఫయరుకు, కాలితో నొక్కే ఎఫెక్ట్ పెడళ్లకు దారితీస్తుంది. "ఇన్ని ఎందుకురా?" అని తల్లి అడుగుతుంది. "దేని శబ్దం దానిదేనమ్మా" అంటాడు కొడుకు. ఇద్దరి మాటలోను న్యాయమున్నది.

ముందు కొడుకు మాట చూద్దాం. మామూలు చెక్క గిటారులో తీగ నాదాన్ని దాని బోలు పెట్టె పెంచుతుంది. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారుకు ఆ బోలు ఉండదు. దాని తీగల క్రింద అయస్కాంతము, దాని చుట్టూ వేలకొద్దీ చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. దీనిని పికప్ అంటారు. ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దానిని స్పీకరును మ్రోగించేంత పెద్దది చేసేది యాంప్లిఫయరు. ఈ రెంటి మధ్య పెట్టే పెడళ్లలో ఒకటి స్వరాన్ని ప్రతిధ్వనిలా మళ్లీ వినిపిస్తుంది, మరొకటి గరుకుగా మారుస్తుంది. కాబట్టి దేని పని దానిదే.

ఇక తల్లి మాట. వాడని వాద్యం ఊరకనే ఉండదు, పాడవుతుంది. బిగించిన ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బరువుతో గిటారు మెడను లాగుతూనే ఉంటాయి. వానకాలపు తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. పెడల్‌లో మరచిపోయిన బ్యాటరీ కారి లోపలి భాగాలను తినివేస్తుంది. అప్పు తెచ్చి కొన్నదైతే, వాద్యం మూలనపడినా వడ్డీ మాత్రం ఆగదు.

హాలీవుడ్ నటుడు రిచర్డ్ గేర్ వృత్తిరీత్యా గిటారు విద్వాంసుడు కాడు. ఇష్టం కొద్దీ వాయించేవాడు, ఇష్టం కొద్దీ పాత గిటార్లను సేకరించాడు. 2011 అక్టోబరులో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంశాలలో వందకు పైగా గిటార్లను, యాంప్లిఫయర్లను అమ్మివేశాడు. వచ్చిన 9 లక్షల డాలర్ల పైచిలుకు సొమ్మును సేవాకార్యాలకు కేటాయించాడు. ఎంతో ప్రేమతో కూర్చుకున్నవాటిని కూడా మనిషి చేయి విప్పి ఇవ్వగలడు.

మన ఇళ్లలో వంద గిటార్లు లేకపోవచ్చు. అయినా ఏడాదిపాటు ఎవరూ ముట్టని గిటారు ఒకటి ఉంటే, నేర్చుకోవాలని ఆశపడే బీద పిల్లవానికి ఇవ్వండి. అది వాని చేతిలో మ్రోగుతుంది. కొత్తది కొనేముందు ఇంటిల్లిపాది కూర్చుని మాట్లాడుకోండి. అప్పు చేసి కొనవద్దు.

చేతిలో డబ్బుంటే మొదటి ఖర్చు మరో పెడల్‌కు కాదు, మూడు పిన్నుల ప్లగ్గుకు, సరియైన ఎర్త్‌కు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్త్ లేని మైకును తాకి, విద్యుత్ఘాతంతో వేదికపైనే కూలిపోయి మరణించాడు. అప్పటికి అతని వయస్సు ముప్పై అయినా నిండలేదు.

తల్లిదండ్రులారా, పిల్లవాని ఆసక్తిని చులకన చేయకండి. యౌవనస్థులారా, ఎన్ని ఉన్నాయని కాక, ఈ వారం ఎన్ని గంటలు సాధన చేశామని లెక్కించుకోండి.